దొరక్కుండా వెతకడం ఎలా?

అల్లుడూ,

నీకు కాలుష్యం లెక్కలు తేల్చే కన్సల్టెన్సీలో ఉద్యోగం వచ్చిందనీ, మొదటి పనికే కోనసీమలో ఏదో గ్యాస్ కేంద్రం చుట్టూ మట్టీ నీళ్లూ పరీక్షించడానికి పంపుతున్నారనీ అక్కయ్య ఫోన్ చేసి చెప్పింది. సంతోషం. మన మాచవరం కుర్రాళ్లు జియాలజీ చదివితే సిమెంటు ఫ్యాక్టరీ క్వారీ దాటి పోవడం అరుదు. నువ్వు సముద్రం దాకా వెళ్తున్నావు. కాకపోతే చదివిన పుస్తకాలు నమ్ముకుని వెళ్లావంటే మొదటి నెలలోనే ఇబ్బందుల్లో పడతావు. కాలుష్యాన్ని ఎలా కనిపెట్టాలో వాటిలో ఉంటుంది. కనిపెట్టకుండా రిపోర్టు ఎలా నింపాలో ఉండదు. నా సర్వీసంతా ఆ రెండో విద్యలోనే గడిచింది కాబట్టి బస్సెక్కే లోపల ఇది చదువుకో.

మొట్టమొదట, గ్యాస్ అంటే గాలి అన్న మాట మీద నిలబడు. ఊళ్లో జనం కూడా అదే అనుకుంటారు. లీకైతే పైకి పోతుంది, లేదా అంటుకుంటుంది, మట్టికేం సంబంధం అంటారు. ఆ నమ్మకాన్ని చెడగొట్టకు. నిజానికి భూమిలోంచి గ్యాస్ ఒంటరిగా రాదు. వెంట ఉప్పునీళ్లు వస్తాయి. పెట్రోలు వాసన కొట్టే పల్చటి నూనె వస్తుంది, దాన్నే కండెన్సేట్ అంటారు. బెంజీన్, టోలుయీన్ ఎక్కువగా ఉండేది అందులోనే. గ్యాస్‌లో తడి తీసెయ్యడానికి గ్లైకాల్ వాడతారు. కంప్రెసర్లకు నూనె పోస్తారు. పాత స్టేషన్లలో ఒత్తిడి కొలిచే గాజు గొట్టాల్లో పాదరసం ఉండేది. ఇవేవీ గ్యాస్‌లా మొత్తం పైకి పోయేవి కావు, ఒలికితే కిందికి దిగేవే. అందుకే మీటింగులో ఎవరైనా వీటి పేరెత్తితే, "మనం మాట్లాడుకుంటున్నది సహజ వాయువు గురించండీ" అని ‘వాయువు’ దగ్గర కాస్త నొక్కి చెప్పు.

నువ్వు వెళ్లేచోట ఈ మాట పలకడానికి కొంచెం ధైర్యం కావాలిలే. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో తడి గ్యాస్ పారింది. అందులోని నీళ్లూ కండెన్సేటూ గొట్టాన్ని లోపల్నుంచి తినేశాయని తరవాత తేల్చారు. ఉక్కును తిన్న నీళ్లు మట్టిలోకి దిగితే ఊరికే కూర్చుంటాయా అని అక్కడి బడిపిల్లవాడు కూడా అడగ్గలడు. అడిగితే నష్టపరిహారం సంగతి ఎత్తు. చర్చ అటు మళ్లిపోతుంది.

రెండో సంగతి, సైటు చరిత్ర తవ్వకు. పుస్తకాలు మొదటి అధ్యాయంలోనే ఈ తప్పు చేయిస్తాయి: పాత డ్రాయింగులు చూడమంటాయి, బురద గుంటలు ఎక్కడుండేవో, ట్యాంకులు కడిగిన నీళ్లు ఎటు వదిలేవారో, మంట గొట్టం కింద గుంటలో ఏం పోసేవారో కనుక్కోమంటాయి. అవన్నీ తెలిస్తే బోరు ఎక్కడ వెయ్యాలో తెలిసిపోతుంది. ఇంక నీ చేతుల్లో ఏమీ ఉండదు. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల బొమ్మలు చూపించే గడియారం గుర్తు ఒకటుంటుంది, దాని జోలికి పోకు. ఇవాళ గడ్డి పెరిగి ముచ్చటగా కనిపించే మూల పదిహేనేళ్ల కింద నల్లటి మడుగై ఉండొచ్చు. చూశాక చూడలేదనడం కష్టం. అన్నిటికంటే ముఖ్యం, రిటైరైన ఆపరేటర్లతో టీ తాగకు. వాళ్లకు పెన్షన్ వస్తోంది, భయం పోయింది, జ్ఞాపకం మిగిలింది. 1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాస్ బావి అదుపు తప్పి 65 రోజులు మండింది. ఆ మంట చూసినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. ఏ బావి ఎప్పుడు తవ్వారో, ఏ చేను ఎన్నేళ్లు పండలేదో వేలు పెట్టి చూపిస్తారు. పల్లెటూళ్లో అరుగు మీద కూర్చున్న ముసలాయన నీకు ప్రమాదకరమైన రికార్డు అని గుర్తుంచుకో.

ఇక బోర్లు. ఇక్కడే నీ చదువంతా బయటపడుతుంది, కాబట్టి ఇక్కడే జాగ్రత్త. భూమిలో నీళ్లు ఎటు పారుతున్నాయో తెలియాలంటే కనీసం మూడు చోట్ల నీటిమట్టం కొలవాలి. మూడు బిందువులుంటే వాలు తెలుస్తుంది, వాలు తెలిస్తే కాలుష్యం ఎటు పోయిందో తెలుస్తుంది. అందుకని రెండు బోర్లతో ఆపు. బడ్జెట్ లేదను. ఆ రెండూ కూడా గేటు పక్కనో, ఆఫీసు తోటలోనో, గెస్ట్‌హౌస్ వెనకో, అంటే నీళ్లు వచ్చే వైపు వెయ్యి. పోయే వైపు వద్దు. ఎక్కడ వెయ్యాలని క్లయింటు అడిగితే మన ఊళ్లో బోరు వేసేటప్పుడు పిలిచే నీళ్లు చూసేవాణ్ని పిలిపించు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడుస్తాడు, అది లేచి నిలబడ్డ చోట బోరు. కోనసీమలో టెంకాయలకు కరువు లేదు. ఈ పద్ధతికి ఒక గొప్ప గుణం ఉంది: టెంకాయను ఏ కోర్టూ బోనెక్కించి ప్రశ్నించలేదు.

ఎప్పుడు వెళ్లాలన్నదీ చూసుకో. వేసవిలో కాలవలు కట్టేస్తారు, నీటిమట్టం దిగుతుంది, మట్టిలో చిక్కుకుని ఉన్న నూనె జారి బోర్లోకి వచ్చి తేలుతుంది. అప్పుడు వెళ్లావంటే వాసనకే దొరికిపోతావు. కాలవలు నిండుగా పారేటప్పుడు, వానలు దంచి కొట్టాక వెళ్లు. నీటిమట్టం లేస్తుంది, నూనె మట్టి రేణువుల మధ్య మునిగి చిక్కుకుపోతుంది, బోర్లోకి తేటనీళ్లు వస్తాయి. ఒక్కసారే వెళ్లు. నాలుగు రుతువుల్లో నాలుగుసార్లు కొలవాలని కొందరు చాదస్తులు అంటారు. వాళ్లు చాలామటుకు అద్దె ఇళ్లలో ఉంటారు.

రిగ్గు విషయంలో మనవాళ్లకు పని కల్పించు. పిడుగురాళ్ల నుంచి డీటీహెచ్ బోరు బండి ఒకటి తోలించుకుపో. సున్నపురాయిని పగలగొట్టే సుత్తి అది, గోదావరి ఒండ్రుమట్టిలో దాని అవసరం ఎంతమాత్రం లేదు. అదే దాని అందం. కంప్రెసర్ గాలి అంత ఒత్తిడితో కిందికి కొట్టేసరికి మట్టిలో ఉన్న బెంజీన్ ఆవిరై ఎగిరిపోతుంది. బదులుగా కంప్రెసర్ తాలూకు కాస్త నూనె దిగుతుంది. ఆ తరవాత ల్యాబులో నూనె కనబడినా అది బండిదేనని నిజాయితీగా చెప్పొచ్చు. కేసింగ్ పైపుకు జల్లెడ రంధ్రాలు నీటిమట్టానికి బాగా కిందనే పెట్టించు. నూనె నీటి మీద తేలుతుంది కాబట్టి దానికి లోపలికి వచ్చే దారి ఉండదు. పైపు చుట్టూ ఖాళీని బెంటొనైట్ బంకమట్టితో మూయమంటారు, పై మురికి కిందికి జారకుండా. మూయకు. రేపు రిపోర్టు అడ్డం తిరిగితే పై మురికే కారణమని చెప్పుకోవాలి కదా.

శాంపిల్ తీసే పద్ధతి ఇంటి దగ్గరే సాధన చేసుకో. పుస్తకం చెప్పేదేమిటంటే, బోర్లో నిలవున్న పాత నీళ్లు తోడెయ్యాలి, తరవాత కొత్త నీళ్లు మెల్లగా 40 మిల్లీలీటర్ల గాజు సీసాలోకి, ఒక్క బుడగ కూడా లేకుండా అంచు దాకా నింపాలి, రెండు చుక్కలు యాసిడ్ వెయ్యాలి, ఐసు పెట్టెలో పెట్టాలి, 14 రోజుల్లోపు పరీక్ష అయిపోవాలి. ఇంత మర్యాద పెళ్లికొడుక్కి కూడా చెయ్యం. నువ్వు కూల్‌డ్రింకు సీసా తీసుకో, సగం నింపు, కారు డిక్కీలో పడెయ్యి. బెంజీన్ నీటిలో ఉండటానికి ఇష్టపడేది కాదు, పైన ఖాళీ దొరికితే అక్కడికి చేరుతుంది, మూత తీయగానే వెళ్లిపోతుంది. అమలాపురం నుంచి విజయవాడ వచ్చేసరికి సగం శుద్ధి దారిలోనే అయిపోతుంది, పైసా ఖర్చు లేదు. ఏ సీసా ఎవరి చేతినుంచి ఎవరి చేతికి ఎన్ని గంటలకు వెళ్లిందో రాసే కాగితం ఒకటి ఉంటుంది. దాన్ని రాత్రి లాడ్జిలో కూర్చుని అంతా ఒకే పెన్నుతో నింపు, చూడ్డానికి నీటుగా ఉంటుంది.

మట్టి శాంపిళ్లకు ఒకే మంత్రం: కలుపు. కండెన్సేట్ ట్యాంకు కింద మట్టి ఒక గుప్పెడు, కొబ్బరితోటలో మూడు గుప్పెళ్లు, గోనె మీద పోసి బాగా కలుపు. ఎగిరిపోయేవి కలిపేటప్పుడే ఎగిరిపోతాయి, మిగిలిన అంకె నాలుగోవంతుకు దిగుతుంది. దీన్ని రిపోర్టులో ‘ప్రాతినిధ్య నమూనా’ అని రాస్తారు. ఎవరికి ప్రాతినిధ్యమో రాయరు.

ల్యాబుకు పంపేటప్పుడు ఏం వెతకమంటున్నావన్నది చూసుకో. చెప్పనిది వాళ్లు వెతకరు. పీహెచ్, టీడీఎస్, కాఠిన్యం, క్లోరైడ్, నైట్రేట్ అని మామూలు తాగునీటి పరీక్షలన్నీ పేజీ నిండా రాయించు. పేజీ నిండుగా ఉంటే బెంజీన్ లేని లోటు కనబడదు. ఎవడైనా పట్టుబట్టి బెంజీన్ పరీక్ష చేయించమంటే అప్పుడు ల్యాబు ఎంపికలో నీ ప్రతిభ చూపించు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటిలో లీటరుకు 10 మైక్రోగ్రాములు హద్దు పెట్టింది. 50 కంటే తక్కువ ఉంటే కొలవలేని ల్యాబును పట్టుకో. 45 ఉన్నా ‘బీడీఎల్’ అని వస్తుంది, అంటే వాళ్ల యంత్రానికి కనబడలేదని. చదివేవాళ్లకు మాత్రం లేదని వినబడుతుంది. మన వృత్తిలో ఎంతమంది పిల్లల ఫీజులు ఆ మూడక్షరాల మీద కట్టామో చెప్పలేను. ఖాళీ సీసాను తోడు పంపి ల్యాబు నిజాయితీ పరీక్షించడం, ఒకే నీళ్లను రెండు పేర్లతో పంపి చూడడం లాంటివి చెయ్యకు. భోజనానికి పిలిచినవాళ్ల వంట అనుమానించకూడదు.

ఇంత చేసినా ఒక్కోసారి అంకె మొండికేస్తుంది. అప్పుడు పోలిక బోరు నిన్ను కాపాడుతుంది. కాలుష్యం తగలని చోట ఒక బోరు చూసి, సహజంగా ఇక్కడి నీళ్లిలా ఉంటాయని చూపడానికి దాన్ని వాడతారు. నువ్వు ఆ బోరును కూడా మురికిలోనే వెయ్యి. రెండూ సమానంగా వస్తాయి, అంతా ప్రకృతి సిద్ధమే.

ఇది నేను కనిపెట్టిన ఉపాయం అనుకోకు, దీని చుట్టూ అమెరికాలో పెద్ద గొడవే నడిచింది. కాలిఫోర్నియా ఎడారిలో హింక్లీ అని చిన్న ఊరు. టెక్సస్ వైపు నుంచి వచ్చే గ్యాస్‌ను ముందుకు తోయడానికి పీజీ అండ్ ఈ కంపెనీ అక్కడ కంప్రెసర్ స్టేషన్ కట్టింది. గ్యాస్‌ను నొక్కితే వేడెక్కుతుంది, చల్లబరచడానికి కూలింగ్ టవర్లు, టవర్లు తుప్పు పట్టకుండా నీళ్లలో హెక్సావాలెంట్ క్రోమియం. 1952 నుంచి 1966 దాకా ఆ వాడిన నీళ్లను అడుగున ఏ పూతా లేని గుంటల్లోకి వదిలారు. గుంటలోంచి ఇసుకలోకి, ఇసుకలోంచి జనం బావుల్లోకి. ఆ సంగతి కంపెనీ ప్రభుత్వ అధికారులకు చెప్పింది 1987లో. చట్టం తెలియని ఒక గుమస్తా, ఎరిన్ బ్రొకోవిచ్, ఫైళ్లు తిరగేసి, ఇంటింటికీ వెళ్లి కూర్చుని కూపీ లాగింది. 1996లో కంపెనీ 333 మిలియన్ డాలర్లు కట్టి రాజీపడింది. 2000లో జూలియా రాబర్ట్స్‌తో సినిమా కూడా వచ్చింది. నువ్వు ఆ సినిమా చూసే ఉంటావు, చెడిపోవడానికి అదొక్కటి చాలు. మనకు పనికొచ్చేది సినిమా అయిపోయాక జరిగింది. క్రోమియం కొంత అక్కడి రాళ్లలో సహజంగానే ఉంటుంది. మరి సహజం ఎంత, కంపెనీది ఎంత? కంపెనీ తరఫున ఒక పోలిక లెక్క కట్టారు. 2007లో తేలిన ఆ లెక్క ప్రకారం సహజంగా ఉండగలిగేది లీటరుకు 3.1 మైక్రోగ్రాముల దాకా. ఊరివాళ్లు దాన్ని నమ్మలేదు, బావుల ఎంపికే సరిగా లేదన్నారు. చివరికి అమెరికా భూగర్భ సర్వే వాళ్లు వచ్చి ఏళ్ల తరబడి మళ్లీ కొలవాల్సి వచ్చింది. చూశావా, ఎక్కడ నుంచి లెక్క మొదలుపెడతావన్న ఒక్క ప్రశ్న మీద ఎన్నేళ్లు గడపొచ్చో. ఈ లోపల ఊరు సగం ఖాళీ అయితే ఫిర్యాదులూ సగమవుతాయి.

కోనసీమలో నీకు ఇంకో వరం ఉంది, సముద్రం. గ్యాస్‌తో వచ్చిన ఉప్పునీళ్లు ఏ బావిలో తేలినా సముద్రం చొచ్చుకొచ్చిందని రాయి. అది కాదనేవాడికి రొయ్యల చెరువులు చూపించు. ఉప్పులోని బ్రోమైడ్‌ను క్లోరైడ్‌తో పోల్చి, బేరియం ఎంత ఉందో చూసి ఏ ఉప్పు ఎక్కడిదో విడదీసే పద్ధతులు ఉన్నాయి. అందుకే ఆ రెండింటినీ ల్యాబు కాగితంలో రాయించకు. మన పల్నాడులో సముద్రం లేకపోయినా ఫ్లోరైడ్ ఉంది, ఎవరి మోకాళ్లు వంగినా దాని మీదికి తోసెయ్యొచ్చు. ప్రతి జిల్లాకూ దేవుడు ఒక సాకు ఇచ్చాడు.

చట్టం గురించి రెండు ముక్కలు. 2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు ప్రత్యేకంగా నియమాలు తెచ్చింది. అనుమానం ఉన్న స్థలాల జాబితా జిల్లా యంత్రాంగమో స్థానిక సంస్థో ఆరు నెలలకోసారి ఇవ్వాలి. కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లో ప్రాథమిక అంచనా వెయ్యాలి, ఆ పైన మూడు నెలల్లో వివరంగా సర్వే చెయ్యాలి. మురికి చేసినవాడే శుభ్రం చేయించే ఖర్చు పెట్టుకోవాలి. వినడానికి గట్టిగానే ఉంది. కానీ అంతా ‘అనుమానం’ అనే మాటతో మొదలవుతుంది. అనుమానం రాకుండా చూసుకోవడమే కదా ఇంతసేపూ నేను నేర్పింది.

రిపోర్టు లావుగా ఉండాలి. మొదటి వంద పేజీలు జిల్లా చరిత్ర, వర్షపాతం, జనాభా, పక్షుల పేర్లు. అంకెల పట్టిక ఆఖరి అనుబంధంలో, అదీ వంకరగా స్కాన్ చేసి. ఇంగ్లీషులోనే రాయి. తెలుగులో రాస్తే ఊళ్లోవాళ్లు చదువుతారు. పాత రిపోర్టు నుంచి ఎత్తుకోవడం నేరం కాదు, పొదుపు. చూసి ఎత్తుకో, అంతే. రత్నగిరి దగ్గర బాక్సైట్ గని కోసం రాసిన పర్యావరణ నివేదికలో రష్యా గని నివేదిక నుంచి పేజీలు దిగి, కొంకణ తీరంలో స్ప్రూస్, బర్చ్ అడవులు మొలిచాయి. అలా నవ్వులపాలు కావొద్దు.

ఈ పొదుపు విషయంలోనే నీకు ఒక అదృష్టం ఉంది. కోనసీమలో అంబాజీపేట మండలంలో కూడా ఒక మాచవరం ఉంది. రేపెప్పుడైనా మన వైపుకీ గ్యాస్ లైనో, కంప్రెసర్ స్టేషనో వస్తే నువ్వు కొత్తగా రాయాల్సిన పని లేదు. ఊరి పేరు కూడా మార్చక్కర్లేదు. కొబ్బరి ఉన్నచోట మిరప, వరి ఉన్నచోట పత్తి, గోదావరి ఉన్నచోట కృష్ణ. ఒండ్రుమట్టి అన్నది అలాగే వదిలెయ్, ఎవడూ చదవడు.

చదివితే మాత్రం చిక్కే. మన కింద ఉన్నది సున్నపురాయి. ఇసుకలో నీళ్లు ఇంచుమించు ఒక వరసలో, నెమ్మదిగా పోతాయి, కాస్త తెలివైనవాడు వెంటబడి పట్టుకోగలడు. సున్నపురాయిలో నీళ్లు రాతిని కరిగించి దారులు చేసుకుంటాయి. గుత్తికొండ బిలం చూశావు కదా, లోపల చీకట్లో నీటి మడుగులు. పల్నాటి యుద్ధం అయ్యాక బ్రహ్మనాయుడు ఆ బిలంలోకి వెళ్లాడంటారు, ఎక్కడ తేలాడో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. మన రాతిలోకి దిగిన కాలుష్యమూ అంతే. ట్యాంకు పక్కన వేసిన బోరు ఎండుగా, శుభ్రంగా ఉంటుంది, రెండు చేల అవతల ఎవరి బోర్లోనో వాసన కొడుతుంది. దీని గుట్టు తెలియాలంటే ఒక చోట రంగు కలిపిన నీళ్లు పోసి ఎక్కడ బయటపడతాయో ఊరి బోర్లన్నీ కాపు కాయాలి. చెయ్యకు. పక్కనే ఉన్న ఎండు బోరు ఫొటో పెట్టి, ‘ప్రభావం లేదు’ అని రాసి సంతకం పెట్టు.

నీటిమట్టం దగ్గర మాత్రం చేత్తో దిద్దుకో. కోనసీమ రిపోర్టులో రెండు మూడు మీటర్లు అని ఉంటుంది. మన వీధిలో మీ అమ్మ బోర్లో మోటారు దించడానికి ఎన్ని పైపులు పట్టాయో ఊరంతా నిలబడి చూసింది.

అన్నట్టు, ఆ పని గనక మన ఊరికే వస్తే, అక్కయ్య బోరు శాంపిలూ, నా చేలో బోరు శాంపిలూ నువ్వు తియ్యొద్దు. ఈ ఉత్తరం చదవని కుర్రాడెవణ్నైనా చూసి పంపించు. గాజు సీసాలు, ఐసు పెట్టె తెమ్మని చెప్పు. ఖర్చు నేను పెట్టుకుంటాను.

మీ మావయ్య
మాచవరం